యూత్ మీటింగులో పిల్లలు మనకు నచ్చే జవాబులే చెబుతున్నారు. నిజం ఎలా మాట్లాడించాలి?

ప్రశ్న: కందుకూరు వైపు, యూత్ బాధ్యత

అందరికీ వందనాలు. మాది పల్లెటూరి బాప్టిస్టు సంఘం. యూత్‌లో ఎనిమిదో తరగతి నుంచి సీనియర్ ఇంటరు దాకా పాతికమంది ఉంటారు. ఆదివారం మధ్యాహ్నం మూడింటికి కూడిక. కంఠత వాక్యం అడిగితే తడుముకోకుండా చెబుతారు, ప్రార్థన చెయ్యమంటే చేస్తారు. కానీ మనసులో మాట ఒక్కటీ బయటికి రాదు. ఏది అడిగినా పాస్టరు గారు మెచ్చుకునే జవాబే. ఇంట్లో మార్కుల గొడవ, బంధువుల్లో పోలికలు, సంఘంలో "మంచి పిల్లవాడు" అనిపించుకోవాలన్న తాపత్రయం, ఇవన్నీ లోపల ఉన్నాయని తెలుస్తూనే ఉంది.

పదో తరగతి ఫలితాలు వచ్చాక వచ్చే ఆదివారం మంచి మార్కులొచ్చిన వాళ్లకు శాలువా కప్పడం మా దగ్గర ఆనవాయితీ. ఆ తర్వాత కొన్ని వారాలు మిగతా పిల్లలు గుడికి రారు. పొగాకు రైతుల ఇళ్లలోనూ కూలికి వెళ్లే ఇళ్లలోనూ మగపిల్లల సంగతి ఇంకో రకం. పని చేస్తేనే మనిషి కింద లెక్క. ఇలాంటి పిల్లలతో ఏం చెయ్యాలో, ఏం చెయ్యకూడదో అనుభవమున్న వాళ్లు వివరంగా చెప్పగలరా?

జవాబు: ఒంగోలు, యవ్వనస్థుల పరిచర్య

వందనాలు బ్రదర్. ముందు ఒక మాట. పెద్దల మెప్పు కావాలనుకోవడం పాపమేమీ కాదు. లూకా 2:52లో యేసు దేవుని దయలోనూ మనుష్యుల దయలోనూ వర్ధిల్లాడనే రాసి ఉంది. పద్నాలుగేళ్ల పిల్లవాడికి తన విలువ ఎంతో తెలిసేది చుట్టూ ఉన్న పెద్దల ముఖాల్లోనే. ఆ మెప్పు పని చూపించాకే దొరుకుతుందని అర్థమైన రోజు నుంచి వాడు నటించడం నేర్చుకుంటాడు. మనం సరిచెయ్యాల్సింది అక్కడ.

యోహాను 12:43 చూపించి "మీరు మనుష్యుల మెప్పు కోరుతున్నారు" అని పిల్లల్ని గద్దించడం చాలా చోట్ల జరుగుతుంది. పైవచనం కూడా చదవండి. అక్కడ మెప్పు కోరినవాళ్లు అధికారులు. సమాజమందిరంలోంచి వెలివేస్తారేమోనన్న భయంతో నోరు మూసుకున్న పెద్దవాళ్లు. ఆ రెండు వచనాలూ కలిపి చదివి "ఇలాంటి భయం ఎక్కడెక్కడ ఉంటుంది?" అని అడిగితే పిల్లలు తమ గురించి తామే మాట్లాడతారు.

ఇక కూడిక. పాతికమందినీ ఒకే గుంపుగా కూర్చోబెడితే ఎప్పటికీ మాట్లాడరు. పాట, వాక్యం కలిపి అరగంటలో ముగించి, మిగిలిన నలభై నిమిషాలు చిన్న గుంపులుగా విడదీయండి. గుంపుకు ఐదారుగురు. ఆడపిల్లలు వేరు, మగపిల్లలు వేరు. ఎనిమిది, తొమ్మిది, పది తరగతుల వాళ్లను ఇంటరు వాళ్లతో కలపొద్దు, చిన్నవాళ్లు పెద్దవాళ్ల నోటి వంక చూస్తూ కూర్చుంటారు. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు ఒకే గుంపులో పడకుండా చూడండి, మాట ఇంటికి చేరుతుందన్న భయం అక్కడే మొదలవుతుంది. గుంపుకొక పెద్ద మనిషి. వాళ్లు కుర్చీలో, పిల్లలు చాప మీద అన్నట్టు ఉండకూడదు, అందరూ కిందే. ప్రతి గుంపూ ఇంకో పెద్ద మనిషికి కనిపించేంత దూరంలో ఉండాలి.

ప్రశ్న అడిగే తీరులోనే సగం పని ఉంది. "దేవుణ్ణి ప్రేమిస్తున్నావా?" అంటే "అవునన్నా" తప్ప వేరే జవాబు రాదు. "ఇంట్లో ఏ మాట వింటే పుస్తకం మూసెయ్యాలనిపిస్తుంది?" అని అడగండి. అడిగి ఊరుకోండి. మనసులో పది అంకెలు లెక్కపెట్టేదాకా మీరు మాట్లాడొద్దు. లీడర్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. నిశ్శబ్దం భరించలేక జవాబు కూడా వాళ్లే అందిస్తారు. ఒక పిల్లవాడు ఏదో చెప్పగానే "వెరీ గుడ్" అనకండి. ఆ మాట విన్న రెండోవాడు అదే జవాబును కొంచెం మార్చి చెబుతాడు, మూడోవాడూ అంతే. "ఊఁ, ఇంకా?" అంటే చాలు.

చీటీల పద్ధతి గురించి జాగ్రత్త. పేరు లేకుండా రాయమన్నా పల్లెటూరి సంఘంలో సండే స్కూల్ టీచరు ప్రతి చేతిరాతా గుర్తుపడుతుంది, ఆ సంగతి పిల్లలకు తెలుసు. అందుకని రాయించొద్దు, టిక్కు పెట్టించండి. ఎనిమిది వాక్యాలున్న కాగితం జిరాక్స్ తీయించండి. ఉదాహరణకు: "మార్కులు తగ్గితే ఇంట్లో నాతో మాట్లాడే తీరు మారుతుంది." "నన్ను ఇంకొకరితో పోలుస్తారు." "నాకిష్టం లేని గ్రూపు తీసుకోమంటున్నారు." "గుడిలో ఒకలా, బడిలో ఒకలా ఉంటాను." "తప్పు చేస్తే చెప్పుకోవడానికి ఒక పెద్ద మనిషి ఉన్నారు." "యూత్ లీడరు ఏమనుకుంటారోనని కొన్ని విషయాలు దాస్తాను." అందరికీ ఒకే రంగు పెన్ను. రెండు మడతలు పెట్టి డబ్బాలో వెయ్యాలి. అప్పటికప్పుడు చదవకండి. లెక్క చూసుకుని, పై వారం దేనికి ఎన్ని టిక్కులొచ్చాయో బోర్డు మీద వేసి, కాగితాలు వాళ్ల ముందే చించెయ్యండి. "నేనొక్కడినే కాదన్నమాట" అని పిల్లలకు తెలియడమే ఆ రోజు పాఠం. లెక్కలు తల్లిదండ్రులకు చెప్పాలనుకుంటే ముందు పిల్లల్ని అడగండి.

యూత్ లీడరు దగ్గర దాస్తానన్న ఆ చివరి వాక్యానికి టిక్కులు ఎక్కువొస్తే బాధపడకండి, సంతోషించండి. ఇంట్లో నాన్న మెప్పు, బడిలో సార్ మెప్పు, ఇప్పుడు కొత్తగా యూత్ అన్న మెప్పు. ప్రేమగా ఉండే లీడరు చుట్టూ ఈ మూడో బరువు ఎవరికీ తెలియకుండా పెరుగుతుంది. ముందు వరసలో కూర్చోవడం, లీడరు ఆన్‌లైన్‌లో ఉన్నప్పుడే వాక్యం స్టేటస్ పెట్టడం, రాలేకపోయిన వారం ఐదారు కారణాలు చెప్పడం దాని గుర్తులు. హాజరుకు బహుమతులు ఆపెయ్యండి. రెండు వారాలు రాని పిల్లవాడు తిరిగొస్తే "ఏమయ్యా, మర్చిపోయావా" అనకండి. రోజూ వచ్చేవాడిని ఎలా పలకరిస్తారో వాణ్ణీ అలాగే పలకరించండి.

జవాబు: కావలి, సండే స్కూల్ టీచర్

అన్నగారు చెప్పిన గుంపుల పద్ధతి సరైనదే. నేను ఫలితాల ఆదివారం గురించీ ఆడపిల్లల గురించీ రాస్తాను.

శాలువాలు పూర్తిగా మానెయ్యమని చాలామంది సలహా ఇస్తారు. నేను ఇవ్వను. మన సంఘాల్లో ఎన్నో ఇళ్లలో పదో తరగతి దాటిన మొదటి మనిషి ఆ పిల్లే. ఊరు ఆమె తాతను ఏనాడూ అరుగు మీద కూర్చోనివ్వలేదు. ఆ ఇంటి బిడ్డను సంఘం నిలబెట్టి గౌరవిస్తే అది ఆ కుటుంబం మొత్తానికి గౌరవం. దాన్ని తీసెయ్యడం తేలిక, దాని బదులు పెట్టగలిగింది మన దగ్గర లేదు. చేసే పద్ధతి మార్చాలి.

ఫలితాలకు ముందు ఆదివారం, అంటే ఇంకా ఎవరి మార్కులూ తెలియనప్పుడు, పరీక్ష రాసిన పిల్లలందరినీ ముందుకు పిలిచి పాస్టరు గారు పేరు పేరునా ప్రార్థన చెయ్యాలి. శాలువా అయినా బైబిలైనా ఆ రోజే, అందరికీ ఒకటే. మత్తయి 3:17లో తండ్రి "నా ప్రియ కుమారుడు" అన్నది యేసు ఒక్క అద్భుతమైనా చెయ్యకముందు. ఆ వరస మనమూ పాటించాలి. మార్కులొచ్చాక అభినందించాలంటే ఇంటికి వెళ్లి అభినందించండి. స్టేజీ మీద అంకెలు చదవొద్దు.

ఇప్పుడు ఫలితాలు ప్రభుత్వం వారి "మన మిత్ర" వాట్సాప్‌లోనే వచ్చేస్తున్నాయి. హాల్ టికెట్ నంబరు తెలిసిన చుట్టాలందరూ పిల్ల కంటే ముందే చూసేస్తారు. కాబట్టి ఫలితాల తేదీ ప్రకటించగానే ఎవరికి ఎవరు తోడుండాలో రాసుకోండి. ఒక పెద్ద మనిషికి ఇద్దరు పిల్లల కంటే ఎక్కువ వద్దు. ఆ రోజు సాయంత్రంలోపు ఇంటికి వెళ్లి కలవాలి, ఫోన్ చాలదు. తప్పిన పిల్ల ఇంటికి ముందు వెళ్లండి. అక్కడ "దేవుని చిత్తం" అనే మాట ఆ పూటకు వద్దు. ఆమె తప్పింది లెక్కల్లో 35 రాక. మిగతా సబ్జెక్టులు మళ్లీ రాయక్కర్లేదని, తప్పినదొక్కటే సప్లిమెంటరీలో రాస్తే చాలని, ఫీజు గడువు కొద్ది రోజులే ఉంటుందని చెప్పండి. మర్నాడు స్కూలుకు తోడు వెళ్లి ఫీజు కట్టించండి. ఓదార్పు కంటే అది ఎక్కువ నిలబెడుతుంది.

ఆడపిల్లల దగ్గర మెప్పు అంటే మార్కులు ఒక్కటే కాదు. ఎదురు మాట్లాడకపోవడం, తల వంచుకుని నడవడం, ఫోన్ అడగ్గానే ఇచ్చెయ్యడం, ఇవి చేస్తేనే "మంచి బిడ్డ". ఇలా పెరిగిన పిల్ల తనను ఎవరైనా ఇబ్బంది పెట్టినా నోరు మెదపదు, ఎందుకంటే చెప్పడమే ఎదురు మాట్లాడటం అనుకుంటుంది. అందుకే ఆడపిల్లల గుంపుకు "వద్దు" అని చెప్పడం నేర్పించాలి. చిన్న చిన్న విషయాల్లో మొదలుపెట్టండి. ఈ వారం ప్రార్థన నువ్వు చేస్తావా అంటే "ఈ వారం వద్దక్కా" అనడానికి వీలుండాలి, అన్నాక మీ ముఖం మారకూడదు.

ఇంకో సంగతి. బుధవారం కూడికలో తల్లులు లేచి "మా అమ్మాయి మాట వినడం లేదు, ప్రార్థన చెయ్యండి" అంటారు. బిడ్డ అక్కడే కూర్చుని ఉంటుంది. పాస్టరమ్మ గారితో మాట్లాడి, పద్దెనిమిదేళ్లలోపు పిల్లల గురించిన ప్రార్థన మనవులు బహిరంగంగా కాకుండా ఆమెకే చెప్పేలా ఏర్పాటు చేసుకోండి. కొలస్సయులకు 3:21 పిల్లల మనసు క్రుంగిపోకుండా చూడమని పెద్దలకు చెప్పింది. ఆ వాక్యం స్త్రీల సమాజంలో కనీసం ఏడాదికొకసారైనా బోధించాలి.

జవాబు: ఒంగోలు, యవ్వనస్థుల పరిచర్య

అక్కా, ముందు ఆదివారం అందరికీ ప్రార్థన అన్నది చాలా మంచి మాట. శాలువా విషయంలో మాత్రం నాకింకా అభ్యంతరమే. రెండో ఏడాదికల్లా అంకెలు చదవడం తిరిగి మొదలవుతుంది, కానుక ఇచ్చే దాతలే అడుగుతారు. సంఘ పెద్దల చేత ముందే తీర్మానం రాయించుకుంటే తప్ప నిలవదు.

జవాబు: నెల్లూరు, హాస్టల్ విద్యార్థుల మధ్య పని

ఇంటరు పిలకాయల గురించి నాలుగు మాటలు. మీ ఊరి నుంచి నెల్లూరు, ఒంగోలు రెసిడెన్షియల్ కాలేజీలకు వచ్చే వాళ్లకు సంఘంతో తెగిపోయేది జూన్‌లోనే. ఆదివారం పూట వారాంతపు పరీక్ష, స్టడీ అవర్లు ఉంటాయి. "గుడికి పోవడం లేదు" అని ఫోన్లో నిందించకండి, పోయే వీలు వాళ్ల చేతిలో లేదు.

కాలేజీల పి.ఆర్.ఓ.లు పదో తరగతి పరీక్షలు కాకముందే ఇళ్లకు వచ్చి అడ్వాన్సు కట్టించుకుంటున్నారు. కాబట్టి తల్లిదండ్రులతో గ్రూపుల గురించిన కూడిక ఏప్రిల్‌లో పెడితే ఆలస్యమే, డిసెంబరులో పెట్టండి. ఎం.పి.సి., బై.పి.సి.తో పాటు పాలిటెక్నిక్, ఐ.టి.ఐ., ఒకేషనల్ ఇంటరు చదివి స్థిరపడిన మీ ప్రాంతం వాళ్లను పిలిచి మాట్లాడించండి. పిలకాయలు ఆ మాటలు చెబితే ఎదిరింపు. ఉద్యోగం చేస్తున్న మనిషి చెబితే నాన్నలు వింటారు.

హాస్టల్లో వారానికొకసారి పది నిమిషాలు ఫోన్ ఇస్తారనుకుందాం. అందులో మొదటి ప్రశ్న "ర్యాంకు ఎంత?" అయితే మిగతా తొమ్మిది నిమిషాలూ పిల్లవాడు సంజాయిషీ చెప్పుకుంటాడు. మొదటి ఐదు నిమిషాలు మార్కుల మాటే ఎత్తొద్దని తల్లిదండ్రులకు గట్టిగా చెప్పండి. ఏం తిన్నావు, రాత్రి ఎన్నింటికి పడుకున్నావు, పక్క మంచం ఎవరిది, ఇలాంటివి అడగాలి. ఆ జవాబుల్లోనే అసలు పరిస్థితి తెలుస్తుంది.

మార్కుల్ని బట్టి సెక్షన్లు మార్చడం, అందరి ముందు అవమానించడం చెయ్యకూడదని సుప్రీంకోర్టు 2025 జూలైలో మార్గదర్శకాలు ఇచ్చింది. వందమంది, అంతకంటే ఎక్కువ విద్యార్థులున్న సంస్థలో అర్హతగల కౌన్సెలర్ ఉండాలని కూడా అందులో ఉంది. ఆ కేసు మొదలైంది మన రాష్ట్రంలో విశాఖలో చదువుతున్న ఒక నీట్ విద్యార్థిని మరణంతోనే. కాలేజీలో చేర్పించేటప్పుడు "కౌన్సెలర్ ఎవరు, ఏ రోజు ఉంటారు?" అని నాన్నలు అడగాలి.

ప్రమాద సూచనలు ప్రతి లీడరుకూ తెలిసుండాలి. నిద్ర పట్టకపోవడం, తిండి మానెయ్యడం, ఇష్టమైన వస్తువులు పంచిపెట్టడం, "నేను లేకపోతే మీకు ఖర్చు తగ్గుతుంది" లాంటి మాటలు, చాలా రోజుల దిగులు తర్వాత ఒక్కసారిగా ప్రశాంతంగా కనిపించడం. అనుమానం వస్తే "చనిపోవాలనిపిస్తోందా?" అని సూటిగా అడగండి. అడిగినందువల్ల ఆ ఆలోచన పుట్టదు, చెప్పుకునే దారి తెరుచుకుంటుంది. అవునంటే ఒంటరిగా వదలొద్దు, పురుగుమందు, తాళ్లు, మాత్రలు అందకుండా చెయ్యండి, ఇంటి పెద్దకు అదే గంటలో చెప్పండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కు ఏ వేళలోనైనా ఫోన్ చెయ్యొచ్చు, తెలుగులో మాట్లాడతారు. నెల్లూరు, ఒంగోలు ప్రభుత్వ జనరల్ ఆసుపత్రుల్లో మానసిక వైద్య విభాగాలున్నాయి. "ప్రార్థన తగ్గింది, అందుకే ఇలా" అన్న మాట ఎవరి నోటా రానివ్వకండి. ఆ పిలకాయ ఇప్పటికే ఇంట్లో ఓడిపోయాననుకుంటున్నాడు, దేవుడి దగ్గర కూడా ఓడిపోయాననుకుంటాడు. ప్రార్థనా చెయ్యండి, డాక్టరు దగ్గరికీ తీసుకెళ్లండి.

"ఎవరికీ చెప్పను" అని ఎవరికీ మాట ఇవ్వకండి. "నీ ప్రాణానికి ముప్పుంటే, నిన్నెవరైనా బాధపెడుతుంటే, చెప్పాల్సిన వాళ్లకు చెబుతాను. మిగతాది నాలోనే ఉంటుంది" అని మొదటి రోజే చెప్పండి. పద్దెనిమిదేళ్లలోపు వాళ్లపై లైంగిక వేధింపు జరిగిందని తెలిస్తే పోలీసులకు చెప్పి తీరాలి, 2012 పోక్సో చట్టం ప్రకారం చెప్పకపోవడమే నేరం. సంఘ పెద్దల్లో రాజీ చేసే విషయం కాదది. చైల్డ్ హెల్ప్‌లైన్ 1098.

జవాబు: టంగుటూరు

పొగాకు ఇళ్ల పిల్లల గురించి ఎవరూ రాయలేదు కాబట్టి నేను రాస్తాను. పదో తరగతి పరీక్షలు మార్చిలో. బ్యారన్లలో, అంటే పచ్చాకును వేడితో ఆరబెట్టే కొట్లలో ఆకు కాల్చేది, గ్రేడింగ్ జరిగేది కూడా అప్పుడే. ఒక బ్యారన్ నింపితే ఆరేడు రోజులు రాత్రింబవళ్లు వేడి చూసుకోవాలి. నాన్నకు నిద్ర లేనప్పుడు కొడుకు పుస్తకం పట్టుకుని కూర్చుంటే వాడికే తప్పు చేస్తున్నట్టు ఉంటుంది. రొయ్యల చెరువుల దగ్గర రాత్రి కాపలా కూడా అంతే. పని మానెయ్యమని పిల్లవాడికి చెప్పకండి, నాన్నతో మాట్లాడండి. జనవరిలోనే వెళ్లి, పరీక్షల నెలలో రాత్రి వంతులు ఎవరు చూస్తారో అడగండి. యూత్‌లో డిగ్రీ వయసు కుర్రాళ్లుంటే ఇద్దరు ముగ్గురు ఆ వంతులు పంచుకోవచ్చు. సంఘం ఆ ఇంటికి చెయ్యగలిగిన సాయాల్లో అది పెద్దది.

ఈ మగపిల్లలకు కావలసింది పొగడ్త కాదు, బాధ్యత. గుడిలో నిజమైన పని ఇవ్వండి. మైక్ సెట్, యూత్ కానుక లెక్కల పుస్తకం, క్రిస్మస్ పందిరి సామాన్లు. ఇద్దరిద్దరికి, మూడు నెలల చొప్పున, తర్వాత మార్చండి. మార్చకపోతే అది పదవి అయిపోతుంది. మైకు కూత పెట్టిందని ఆరాధన మధ్యలో వాడి చేతిలోంచి లాక్కోవడం మాత్రం చెయ్యొద్దు. అలా ఒక్కసారి జరిగితే వాడు మళ్లీ గుడి మెట్లెక్కడు.

కందుకూరు వైపు, యూత్ బాధ్యత

అందరికీ చాలా వందనాలు. టిక్కుల కాగితం ఈ వారమే తయారు చేస్తాను. ఒక్కటి మిగిలింది. ఈస్టరుకు బాప్తిస్మాల జాబితా తయారవుతోంది. పేర్లు ఇస్తున్నది తల్లిదండ్రులు. పిల్లలు కాదనరు. దాన్ని ఎలా చూడాలి? సాక్ష్యాలు చెప్పించడం కూడా అలాగే ఉంది, ఏడిస్తేనే మంచి సాక్ష్యం అనుకుంటున్నారు.

జవాబు: ఒంగోలు, యవ్వనస్థుల పరిచర్య

సాక్ష్యం సంగతి ముందు. పద్దెనిమిదేళ్లలోపు పిల్లల చేత తమ పాపాల గురించి మైకులో చెప్పించకండి. పెద్దల కళ్లలో నీళ్లు చూసిన పిల్లవాడు పై ఏడాది ఇంకా పెద్ద పాపం కల్పించుకుని వస్తాడు. చెప్పాలనుకున్నవాళ్లు రెండు నిమిషాలు, ఈ మధ్య తమకు అర్థమైన ఒక వాక్యం గురించి చెబితే చాలు. ముందు రోజు ఒక పెద్ద మనిషి విని ఉండాలి.

బాప్తిస్మం విషయంలో మన ప్రాంతమే మనకు పాఠం. 1876-78 కరువులో ఒంగోలు బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి ఇప్పించారు. ఆ కాలమంతా బాప్తిస్మాలు ఆపేశారు. అడిగినవాళ్లు లేక కాదు, తిండి గింజల కోసం వచ్చారేమోనన్న సందేహానికి చోటివ్వకూడదని. కరువు సాయం ఆగిపోయాకే, 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజులో 2,222 మందికి ఇచ్చారు. అమ్మ సంతోషం కోసం నీళ్లలోకి దిగే పిల్లవాడి విషయంలోనూ ఆ జాగ్రత్తే కావాలి.

ఎనిమిది వారాల తరగతి పెట్టండి, పేరు పిల్లవాడే వచ్చి ఇవ్వాలి. మూడో వారంలోనూ ఏడో వారంలోనూ ఒక్కొక్కరితో పావుగంట, నలుగురికీ కనిపించేలా గుడి వరండాలో కూర్చుని మాట్లాడండి. "ఎందుకు తీసుకుంటున్నావు?" అన్నదానికి నేర్చుకున్న జవాబే వస్తుంది. "ఈ ఏడు వద్దంటే ఇంట్లో ఏమంటారు?" అని అడగండి. ముఖం తేలిగ్గా ఉండి "ఏమనరు, నాకే కావాలి" అంటే సరే. కళ్లు దించుకుంటే వాయిదా వెయ్యండి. స్నేహితులందరూ తీసుకుంటున్నారన్నా వాయిదానే. బాప్తిస్మం రోజున కొత్త బట్టలు, విందు, ఫోన్ కొనిస్తామన్న మాటలు ఉంటే తల్లిదండ్రులతో ముందే మాట్లాడి ఆపించండి.

చివరి రోజు దాకా వెనక్కి తగ్గే వీలుండాలి. పిల్లవాడు మీకొక్కరికి చెబితే చాలు, ఇంట్లో చెప్పే పని మీది. ఇంటికెళ్లి ఇలా అనండి: "అమ్మా, మీవాడు తరగతి అంతా బాగా విన్నాడు. బాప్తిస్మం పై ఏడు పెట్టుకుందామని నిర్ణయించింది నేను, వాడు కాదు. వాణ్ణి ఏమీ అడగకండి, అడగాల్సిందేమన్నా ఉంటే నన్ను అడగండి." పాస్టరు గారికి మాత్రం ఆ సాయంత్రమే జరిగింది జరిగినట్టు చెప్పండి. జాబితాలోంచి పేరు కొట్టెయ్యకుండా కొత్త జాబితా రాయించండి, కొట్టివేత కనిపిస్తే ఆదివారానికల్లా ఊరంతా అడుగుతుంది.